తేగ బజార్లో కొనుక్కునే వస్తువు కాదండీ

మొన్న ఇక్కడ హైదరాబాదులో ఒక పెద్ద సూపర్ మార్కెట్లో తేగలు, అదేనండీ తాటిటెంకల మొలకలు, కనిపించాయి. ఉడకబెట్టి, పొర ఒలిచి, రెండు చివర్లూ కోసేసి, ప్లాస్టిక్ ట్రేలో నాలుగంటే నాలుగు పెట్టి కవరు చుట్టారు. పైన ‘ఫైబర్ ఎక్కువ’ అని స్టిక్కరు. అది తేగో ముల్లంగో పోల్చుకోడానికి గోదావరి జిల్లాలో పుట్టిన నాకే కాసేపు పట్టింది.

నాకు నవ్వెందుకొచ్చిందంటే, ఎనిమిదో తరగతిలో హాస్టల్లో ఉన్నప్పుడు మా అమ్మమ్మ సంచి నిండా తేగలు పంపితే, ‘వీడు కట్టెపుల్లలు తింటాడ్రా’ అని గదంతా నవ్వారు. మంచం కింద దాచి లైట్లార్పాక తినేవాణ్ణి. తేగ నమిలితే చప్పుడు రాదు, అదొక్కటే నాకు కలిసొచ్చింది. పొద్దున్నే దిండు కింద పీచు దొరికిపోయేది, అది వేరే సంగతి. ఆ రోజు నవ్వినవాళ్ళలో ఒకడు ఈమధ్య ‘సూపర్ ఫుడ్’ అని తేగల ఫోటో పెట్టాడు. లైక్ కొట్టలేదు.

సరే, నా గొడవ ధర గురించి కాదు. తేగ రుచిలో సగం దాని కోసం ఆగడంలో ఉంది. ఆ సగం ట్రేలో రాదు.

మా అమ్మమ్మగారింట్లో శ్రావణం, భాద్రపదాల్లో తాటిపళ్ళు రాలేవి. తెల్లారగట్ల చీకట్లో దబ్బున చప్పుడైతే, ముందు పరిగెత్తినవాడిదే పండు. గుజ్జు పిసికి తీసి అమ్మమ్మ రొట్టె కాల్చేది. మిగిలిన టెంకలు, పండుకి రెండో మూడో, పెరట్లో ఒక మూల చేరేవి. అక్కడ తాతయ్య ఇసక కలిపిన గుల్లమట్టి మోకాలెత్తు పోసి, టెంకలు ఒకదాన్నొకటి ఆనేలా పేర్చి, పైన పల్చగా మట్టి కప్పి నీళ్ళు చల్లేవాడు. అదే తేగల పాతర. అంతెత్తు మట్టి ఎందుకని చిన్నప్పుడు అడిగాను. టెంకలోంచి వచ్చే మొలక ముందు పైకి రాదు, కిందకి దిగుతుంది. నేల గట్టిగా ఉంటే తేగ సన్నగా, వంకరగా ఊరుతుంది, తవ్వితే విరుగుతుంది.

ఇక అక్కణ్ణుంచి మా పిల్లలకి పరీక్ష. దీపావళి నాటికే ఓపిక చచ్చి, ఒకదాన్ని పీకి చూశాం. వేలెడు ఉంది. ‘కడుపులో బిడ్డని బయటికి తీసి చూస్తార్రా ఎవరైనా?’ అని అమ్మమ్మ చీపురు తిరగేసింది. మళ్ళీ సంక్రాంతి దాకా ఎవరూ ఆ మూలకి వెళ్ళలేదు, కనీసం పగలు.

పాతర తవ్విన రోజు ముందు బుర్రగుంజు. టెంకని కత్తితో రెండు చేస్తే లోపల తెల్లగా, కరకరలాడుతూ, తియ్యగా ఉండే గుంజు. తర్వాత తంపట. తేగల్ని కుండలో బిగించి కూరి, బోర్లించి, చుట్టూ గడ్డీ ఆకులూ వేసి కాల్చేవాళ్ళు. ఆ పొగ వాసన పట్టిన తేగని నిలువునా చీలిస్తే మధ్యలో చందమామ, అంటే లేత మొలకాకు. దాని కోసం నేనూ మా తమ్ముడూ రక్తాలొచ్చేలా కొట్టుకున్నాం. కుక్కర్లో నాలుగు విజిళ్ళు వేయించినా తేగ ఉడుకుతుంది, కాదన్ను. అది ఆకలికి పనికొస్తుంది.

ఇంకోమాట. వేసవంతా ముంజలు గెలలకి గెలలు లాగించి, చలికాలంలో ‘తేగలేవీ, దొరకడం లేదేంటీ’ అంటే ఎలా? ముంజగా తిన్న కాయ పండవదు. పండు లేకపోతే టెంక లేదు, టెంక లేకపోతే తేగ లేదు. (నేనూ తింటాను ముంజలు. ఒప్పుకుంటున్నాను.) పైగా చెట్లెక్కడున్నాయి? మా గట్టు మీద పదకొండు తాడిచెట్లుండేవి. ప్లాట్లు వేశాక రెండు మిగిలాయి. అందులో ఒకటి పోతుతాడు, కాయే కాయదు.

పోయినేడు నాకు పౌరుషమొచ్చి ఊరినించి ఇరవై టెంకలు తెచ్చాను. అపార్ట్‌మెంట్ డాబా మీద రెండు బస్తాల ఇసకలో పాతర వేశాను. రోజూ ఆఫీసుకెళ్ళే ముందు చెంబుడు నీళ్ళు. మా ఆవిడ ‘మీ రెండో సంసారం ఎలా ఉంది’ అనేది. రెండు నెలలు బాగానే గడిచింది. తర్వాత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దోమలని ఒకరు, కంపని ఒకరు, డాబా కారుతుందని ఇంకొకరు. శనివారం నేను ఊళ్ళో లేనప్పుడు బస్తాలు కిందకి దింపేశారు.

వచ్చాక చెత్తకుండీ పక్కన వెతికితే టెంకలు కొన్ని దొరికాయి. ఒకదానికి జానెడు మొలక, లేతది, మొన విరిగి ఉంది. ఇంటికి తెచ్చి కడిగి, పచ్చిదే కొరికాను. వగరు. పదేళ్ళ మా అమ్మాయి పక్కన నిలబడి ‘నాకూ’ అంది. ఇచ్చాను. నమిలి, మొహం వికారంగా పెట్టి, ‘ఇంకా ఎన్ని రోజులుంచితే బాగుండేది నాన్నా?’ అని అడిగింది.