లాప్‌టాప్ స్పీడు డబుల్ చేసే ‘సెట్టింగ్’ కథ

అమీర్‌పేటలో కోర్సులు చేసే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: “కంపెనీలు కావాలనే ప్రాసెసర్‌ను సగం స్పీడుకే కట్టేసి అమ్ముతాయి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో కోర్ల సంఖ్య పెంచండి. పవర్ ఆప్షన్స్‌లో మినిమమ్ 100 శాతం పెట్టండి. స్పీడు డబుల్! చాలకపోతే సికింద్రాబాద్ సీటీసీలో ఐ3 పీకి ఐ7 వేస్తారు.” (ఎంఎస్‌కాన్ఫిగ్ అంటే విండోస్‌లోని ఒక సెట్టింగ్స్ టూల్. కోర్లంటే ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు. సీటీసీ అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ల మార్కెట్. ఐ3, ఐ7 ఇంటెల్ ప్రాసెసర్ రకాలు, ఐ7 పెద్దది.)

ముందు ఆ ‘సగం స్పీడు’ సంగతి. లాప్‌టాప్ వివరాల్లో కనిపించే 1.6 గిగాహెర్ట్జ్ చూసి పుట్టిన అనుమానం అది. ఉదాహరణకు ఇంటెల్ ఐ5-8250యూ చిప్ (ప్రాసెసర్) మూల వేగం 1.6, టర్బోలో 3.4 దాకా వెళ్తుంది. దాన్ని ఎవరూ కట్టేయలేదు. పని పడితే తనే పైకెళ్తుంది, పని అయిపోతే దిగుతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి పెట్టుకుని, పక్కన ఏదైనా పెద్ద ఫైల్ ఓపెన్ చేయండి. స్పీడ్ అంకె ఎగిరి పడటం కళ్లారా కనిపిస్తుంది. టర్బోను దాటించి ఓవర్‌క్లాక్ చేద్దామంటే, పేరు చివర ‘యూ’ ఉన్న ఇలాంటి చిప్‌లకు ఇంటెల్ ఆ తాళం తీసి ఇవ్వదు.

ఎంఎస్‌కాన్ఫిగ్ చిట్కా అయితే ఉత్త అబద్ధం. అక్కడ కోర్ల సంఖ్య ఎంచుకునే గడిలో టిక్ లేకపోతే విండోస్ ఉన్న కోర్లన్నీ వాడుకుంటుంది. అది కోర్లు తగ్గించి సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించుకునేవాళ్ల కోసం పెట్టింది. పెద్ద అంకె ఎంచుకుంటే ఏమీ మారదు, పొరపాటున 2 ఎంచుకుంటే ఉన్నదీ పోతుంది. పక్కనున్న ‘మాక్సిమమ్ మెమరీ’ గడి జోలికి అసలు వెళ్లకండి.

పవర్ ఆప్షన్స్ మాటలో కాస్త నిజముంది. బ్యాటరీ సేవర్‌లో ఉండిపోయిన లాప్‌టాప్‌ను ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’కి మారిస్తే తేడా తెలుస్తుంది. ప్రాసెసర్ అంతకన్నా దిగకూడదని చెప్పే మినిమమ్‌ను 100 చేయడం వల్ల మాత్రం ఖాళీగా ఉన్నప్పుడూ వేడి, బ్యాటరీ ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు. చూసుకోవాల్సింది, అంతకన్నా పైకి పోకూడదని చెప్పే మాక్సిమమ్. వేడి తగ్గడానికని ఎవరో చెబితే అక్కడ 99 పెట్టేసి మర్చిపోతారు. చాలా ఇంటెల్ చిప్‌లలో దాంతో టర్బో ఆగిపోతుంది.

మెసేజ్ రాసినాయన అసలు విషయమే వదిలేశాడు: వేడి. చిప్ 100 డిగ్రీల దగ్గరికి చేరితే తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించేస్తుంది. మన ఊళ్లో మే నెలలో గదే పెనంలా ఉంటుంది, దానికి తోడు లాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే గాలి లోపలికెళ్లే దారి కూడా మూసుకుపోతుంది. రెండు మూడేళ్లు వాడిన మెషీన్ వెనక మూత విప్పించి చూడండి. ఫ్యాన్‌కీ, రాగి గొట్టం చివరనున్న రేకులకీ మధ్య దుమ్ము చాపలా అల్లుకుపోయి ఉంటుంది. దాన్ని తీయించి, చిప్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్పిస్తే స్పీడు ‘పెరిగింది’ అంటారు. పెరగలేదు, పోయింది తిరిగొచ్చింది.

ఇక ఐ3 పీకి ఐ7. ఇంటెల్ 4వ తరం దాకా పేరులో ‘ఎం’ ఉన్న కొన్ని చిప్‌లకు సాకెట్ ఉండేది, తీసి వేరేది పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా అదే తరం చిప్ కావాలి, బయోస్ (లాప్‌టాప్‌ను స్టార్ట్ చేసే ప్రోగ్రామ్) ఒప్పుకోవాలి, ఐ7-4700ఎంక్యూ లాంటి 47 వాట్ల చిప్ వేడిని లోపలి ఫ్యాన్ తట్టుకోవాలి. ఇంత చేసినా 4వ తరానికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 5వ తరం నుంచి దాదాపు అన్ని లాప్‌టాప్‌లలోనూ చిప్ బోర్డుకే సోల్డర్ చేసి (టంకంతో అతికించి) వస్తోంది. కాబట్టి ‘ఐ7 వేస్తాం’ అంటే చాలాసార్లు మదర్‌బోర్డే మార్చడం.

సీటీసీకి వెళ్లండి, వద్దనను. వెళ్లేముందు టాస్క్ మేనేజర్‌లో ఒక్కటి చూడండి: సీపీయూ 15 శాతం దగ్గరుండి డిస్క్ 100లో ఇరుక్కుంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు. పాత హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ అటూఇటూ చదివితే, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్క్) 500 దాకా చదువుతుంది. చిన్న ఫైళ్ల విషయంలో తేడా ఇంకా ఎక్కువ. మెమరీ నిండిపోతుంటే 4 జీబీని 8 చేయించండి, కాకపోతే ర్యామ్ స్లాట్ ఉందో, అదీ సోల్డరేనో ముందే అడగండి. బోర్డు మార్పిడికే ఒప్పుకుంటే బిల్లు మీద ‘ప్రాసెసర్ అప్‌గ్రేడ్’ అని ఊరుకోనివ్వకుండా, ఏ బోర్డు వేశారో మోడల్ నంబరుతో రాయించుకోండి.