వావి వరుసలు ఎరిగిన పటం గారికి

మహారాజశ్రీ గండమ్ చూసే వరుస పటం గారికి,

టోక్యోలో, నిషి-కసాయ్‌లో, మా వంటింటి ఫ్రిజ్ తలుపు మీద నాలుగు అయస్కాంతాల నడుమ కొలువైయుండిన తమకు, తమను కన్న నేను నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరికి కొన్ని సంగతులు ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక కాగితం పట్టుకున్నాను.

తమ పుట్టుక నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. గండమ్ అంటే జపాన్ యానిమే కథలు, మనిషి లోపల కూర్చుని నడిపే 'మొబైల్ సూట్' అనే యుద్ధయంత్రాలవి. వాటిలో ఏది ముందు, ఏది వెనక చూడాలో చెప్పడానికి తమరు పుట్టారు. మూడు రాత్రులు ఎక్సెల్‌లో గళ్ళు గీశాను. 1979 నాటి మొదటి సిరీస్‌కి ఎర్ర గడి, 43 ఎపిసోడ్లు. అక్కణ్ణుంచి బాణం దిగితే 1985 జీటా, 50. ఇంకో బాణం దిగితే 1986 డబుల్ జీటా, 47. వెరసి నూట నలభై. నిద్రాహారాలు మానేసి కూర్చుంటే రెండు రోజుల పైచిలుకు పట్టే పని. మధ్యలో స్నానం చేస్తే మూడు. ఇంతా చేస్తే అది తమ కుడిభుజం మాత్రమే. ఎడమవైపు 1994లో దేశానికో గండమ్ చొప్పున బరిలోకి దిగి కొట్టుకున్న కుస్తీ గండమ్, 1995 వింగ్, 2002 సీడ్, 2007 డబుల్ ఓ, 2022లో బుధగ్రహం నుంచి వచ్చి బళ్ళో చేరిన అమ్మాయి కథ. వీళ్ళందరికీ దాయాదుల వాటాలా విడివిడి గడులు, చుక్కల గీతలు. కింది మూలన చిన్నక్షరాల్లో 'వదిలేసినా నష్టం లేని ఎపిసోడ్లు' అని ఓ చిట్టా. ఏ త్రీ కాగితం మీద రంగుల్లో అచ్చేయించి, లామినేషన్ కూడా చేయించాను. మా పెళ్ళి ఫోటోకి అంత ఖర్చు పెట్టలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

వరుస అంటే మనవాళ్ళకు రెండర్థాలు. ఒకటి క్రమం, రెండోది చుట్టరికం. తమరి దగ్గర రెండూ ఒకటే. ఎవరి మనవడో, ఎవరి మునిమనవడో ప్రవర మొత్తం చదివితే గానీ తాళిబొట్టు చేతికివ్వని పురోహితుడి పద్ధతి తమది. కొత్తవాడెవడైనా 'గండమ్ బాగుంటుందటగా' అనడం ఆలస్యం, నేను మర్యాదగా వాణ్ణి ఫ్రిజ్ దగ్గరికి తీసుకొచ్చేవాణ్ణి. వాడు తమరిని ఎగాదిగా చూసి, మంచినీళ్ళు తాగి, వెళ్ళిపోయేవాడు. రెండేళ్ళలో తమ చేతిమీదుగా ఒక్కడు కూడా ఈ కథలోకి దిగిన పాపాన పోలేదు. నేను దాన్ని ప్రమాణాలు కాపాడటం అనుకున్నాను.

ఆ పరిస్థితుల్లో మా బావమరిది ఉద్యోగానికని ఇక్కడికొచ్చాడు. వచ్చిన వారానికే టోక్యో తీరాన ఉన్న ఒదైబా వెళ్ళి, 2017లో అక్కడ నిలబెట్టిన 19.7 మీటర్ల యూనికార్న్ గండమ్ ముందు సెల్ఫీ దిగి, ఇంటి గ్రూపులో 'పెద్ద రోబోతో నేను' అని పెట్టాడు. రోబో కాదురా, మొబైల్ సూట్ అన్నాను. 'సరే బావా, పెద్ద సూటుతో నేను' అన్నాడు.

2025 జనవరిలో కొత్త గండమ్ సినిమా వచ్చింది. జీక్వాక్స్. ఇంగ్లీషులో దాని పేరు రాయాలంటే జీ, క్యూ, ఆ తరవాత ఆరు యూలు, చివర ఎక్స్. మావాడు టికెట్ వెతుకుతూ ఐదు యూలే కొట్టి, దొరకట్లేదని నన్ను పిలిచాడు. (తెలుగులో మూడక్షరాల్లో తేలిపోతుంది. మన లిపి దయగలది.) అన్నో హిదెయాకి కలం పట్టాడని, త్సురుమాకి కజుయా దర్శకుడని, వాళ్ళ ఖారా స్టూడియో, మొదటినుంచీ గండమ్ తీస్తున్న సన్‌రైజ్‌తో మొదటిసారి చేతులు కలిపిందని, తమ ప్రకారం ఇది చూడటానికి వాడికి ఇంకా యోగ్యత రాలేదని చెప్పాను. 'ఆఫీసులో పిల్లలందరూ వెళ్తున్నారు బావా, నేను వాళ్ళతో పోతా' అన్నాడు. వాణ్ణి ఒంటరిగా అపాయంలోకి పంపలేక నేనూ బయల్దేరాను.

ఆ ఆదివారం హాల్లో జరిగింది తమరికి చెప్పి తీరాలి. ట్రైలర్లన్నిట్లో బడిపిల్ల మాచు, రంగురంగుల అంతరిక్షం. దీపాలు ఆరేసరికి తెర మీద 1979! అదే వ్యాఖ్యానం తీరు, అదే నేపథ్య సంగీతం, సైడ్ 7 అనే అంతరిక్ష కాలనీ మీద అదే దాడి. ఒక్క తేడా. పాత కథలో బయటే ఉండి జవాన్లను లోపలికి పంపిన ఎర్ర దొర చార్ ఈసారి తానే వెళ్ళాడు. అమురో అనే కుర్రాడు ఎక్కాల్సిన గండమ్‌ని తాను ఎక్కి పట్టుకుపోయాడు. దాంతో పాత కథలో ఓడిపోయిన చార్ పక్షం, భూమి మీద తిరగబడ్డ అంతరిక్ష రాజ్యం జియాన్, ఈసారి యుద్ధంలో గెలిచేసింది. మన దగ్గరైతే ఈపాటికి కాగితం ముక్కలు ఎగిరేవి, ఈలలకు పక్కవాడి మాట వినబడేది కాదు. అక్కడ హాలంతా కలిపి ఒక్క ఊపిరి పీల్చింది, అంతే. నా పక్కన అరవైకి దగ్గరపడ్డ పెద్దమనిషి పాప్‌కార్న్ డబ్బా నెమ్మదిగా కింద పెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నిటారుగా కూర్చున్నాడు.

కాసేపటికి మీసాలున్న ఓ జియాన్ అధికారి తెర మీదికొచ్చాడు. పక్కాయన చేత్తో మోకాలి మీద చరుచుకున్నాడు. వెనక వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. నేనూ మోకాలు చరుచుకున్నాను.

బయటికొచ్చి ఉదోన్ నూడుల్స్ తింటుంటే మావాడు అడిగాడు. 'బావా, ఆ మీసాలాయన ఎవరు? ఆయన రాగానే పెద్దాళ్ళందరూ అదోలా అయిపోయారేంటి?'

'ఆయన షాలియా బుల్ రా. గురుగ్రహం నుంచి వచ్చినవాడు. మహానుభావుడు. ఆయన గురించి తెలియాలంటే చాలా చూడాలి' అని గిన్నెలోకి తల దించుకున్నాను.

పటం గారూ, ఆ పేరు నేను టైటిల్స్‌లో చదివాను.

ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, ఫ్రిజ్ తలుపు సందులోంచి వచ్చే వెలుగులో తమరిని పైనుంచి కింది దాకా గాలించాను. షాలియా బుల్ వచ్చేది 1979 సిరీస్ 39వ ఎపిసోడ్‌లో. రావడం, పోరాడటం, చచ్చిపోవడం అన్నీ ఆ ఒక్కదాంట్లోనే. మరి ఆ 39 తమ దగ్గర ఎక్కడుంది? కింది మూలన, వదిలేసినా నష్టం లేని చిట్టాలో! ఎవరిదో పటంలోంచి ఆ చిట్టా దించుకున్నాను, దించుకున్న మర్యాదకి నేనూ వదిలేశాను. పోనీ, తీరిక లేనివాళ్ళకు తమరు చూపించే అడ్డదారి ఉందిగా, 1981, 82ల్లో వచ్చిన మూడు సినిమాలు? వాటిలో ఆయన్ని అసలు కత్తిరించేశారు. అంటే తమ మాట జవదాటకుండా నడిచినవాడికి, కొత్త కథలో అన్నిటికన్నా ముఖ్యమైన పెద్దమనిషి ముక్కూమొహం తెలియదన్నమాట. నువ్వెందుకు మరి? (క్షమించాలి, కోపంలో ఏకవచనం వచ్చింది. ఇక అదే ఉండనీ.)

ఒంటిగంటకు 39 పెట్టుకుని చూశాను. పొద్దున మోకాలు చరుచుకోవాల్సిన చోట రాత్రి చరుచుకున్నాను.

మావాడికేమో ఇవేమీ పట్టలేదు. వాడికి ఆ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది వేరే. ఇద్దరిద్దరు జతగా ఏర్పడి మొబైల్ సూట్లతో తలపడే పద్ధతి ఉందందులో. యుద్ధంలో చార్, షాలియా బుల్ కలిసి మొదలెట్టింది, తరవాత దొంగచాటు పందేల్లోకి దిగింది. జతగాణ్ణి 'మావ్' అంటారు. మావాడు కుర్చీలో ఎగిరి గంతేసినంత పని చేశాడు. 'బావా, వీళ్ళూ మనలాగే మావా అని పిలుచుకుంటున్నారు!' పక్కన ఉండి వెనక కాసేవాడే మావ అని ఎవరూ విప్పి చెప్పకుండానే వాడికి తెలిసిపోయింది. నేను దాని మూలాలు వివరించబోయాను. వాడు అప్పటికే ఆఫీసు మిత్రుడికి 'మావా' అని మెసేజ్ కొట్టేశాడు.

ఏప్రిల్‌లో టీవీలో మొదలైంది, మంగళవారం అర్ధరాత్రి దాటాక. పన్నెండు ఎపిసోడ్లు. అక్కాతమ్ముళ్ళు కూర్చున్నారు. మా ఆవిడ గండమ్ చూడటం అదే మొదలు. కాలనీల స్వాతంత్ర్యం, న్యూటైపులనే అతీంద్రియ శక్తి గలవాళ్ళ తత్వం ఆమెకు పట్టలేదు. 'అమ్మకి చెప్పకుండా ఆ పిల్ల రోబో ఎక్కింది. తెలిసిన రోజు ఉంది దానికి' అంటూ ఆ అమ్మ కోసం ఎదురు చూసింది. ఇన్నేళ్ళలో గండమ్ ఎక్కిన పిల్లల తల్లుల గురించి ఒక్కసారైనా ఆలోచించానా అని వెతుక్కుంటే, మొదటి కథలో అమురో తల్లిని చూసి విసుక్కోవడం మాత్రం గుర్తొచ్చింది.

ఇంకో సంగతి విను. సినిమాలో ముందొచ్చిన ఆ యుద్ధం కథ టీవీలో రెండో ఎపిసోడ్‌కి జరిగిపోయింది. మొదటిది మాచు కథ. తీసినవాళ్ళే వరుస తిరగేశారు! నీ ఎర్ర గడి పక్కన దీన్ని ఎక్కడ అతికించాలో తెలియక వారం రోజులు పెన్సిల్ పట్టుకుని తిరిగాను.

అప్పుడే నాకు పాత సంగతులు గుర్తొచ్చాయి. 1979 ఏప్రిల్‌లో నగోయా టీవీ దీన్ని శనివారం సాయంత్రాలు వేస్తే, చూసినవాళ్ళు తక్కువ. డబ్బు పెట్టిన క్లోవర్ కంపెనీ బొమ్మలు అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. 52 అనుకున్న కథని 43కే చుట్టేయమన్నారు. దర్శకుడు తొమినో యోషియుకి చుట్టేశాడు. 1980 జనవరిలో కథ కంచికి, అందరూ ఇంటికి. ఆ తరవాత కదా పునఃప్రసారాలు! ఆ జులైలో కదా బందాయ్ వాళ్ళు 300 యెన్లకు అతికించుకునే గండమ్ బొమ్మ తెచ్చింది, పిల్లలు దుకాణాల ముందు బారులు తీరింది! అంటే దీన్ని బతికించినవాళ్ళు లేటుగా వచ్చినవాళ్ళు, మధ్యలో దూరినవాళ్ళు, బొమ్మ చూసి కథ అడిగినవాళ్ళు. వాళ్ళని ఎవరైనా ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే నీ ఎర్ర గడి కింద ఒక్క బాణం కూడా ఉండేది కాదు.

నా సంగతీ ఒప్పుకుంటాను. ఇంజినీరింగ్ హాస్టల్లో సీనియర్ హార్డ్ డిస్క్‌లో సీడ్ దొరికింది. యాభైలో మొదటి పన్నెండు ఫైళ్ళు తెరుచుకోలేదు. పదమూడు నుంచి చూశాను. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండానే ఓ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. ఆ సీడ్ వచ్చినప్పుడు ఇక్కడి పెద్దలు 'ఇదీ ఒక గండమేనా' అన్నారట. వింగ్‌నీ అన్నారు, కుస్తీ దాన్నీ అన్నారు. నేను జీక్వాక్స్ పోస్టర్ చూసి అన్నది వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

అన్నట్టు, ఆ మీసాలాయన. సిరీస్‌లో మాచు ఆయన్ని ఏమని పిలుస్తుందో తెలుసా? హిగేమాన్. జపనీస్‌లో హిగే అంటే మీసం, గడ్డం. అచ్చంగా మీసాలాయన! ఆ మాట వినబడగానే మావాడు నా వైపు తిరిగి చూశాడు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

జూన్‌లో సిరీస్ అయిపోయింది. జులైలో వానలు వెనకబట్టాయి. మా ఆవిడ సగ్గుబియ్యం వడియాలు పెడతానని ప్లాస్టిక్ కాగితం కోసం వెతికింది. నేనే నీ అయస్కాంతాలు తీసిచ్చాను. ఏ త్రీ, లామినేషన్, నీళ్ళకు తడవదు, అంటుకోదు. అయిదో అంతస్తు బాల్కనీలో జీటా మీద ఆరు, డబుల్ జీటా మీద నాలుగు, దాయాదుల గళ్ళ నిండా చిన్నచిన్నవి. ఇంత పనికొచ్చిన రోజు నీ జన్మలో లేదు.

నిన్న సాయంత్రం మావాడు వచ్చి మూలనున్న వడియం ఒకటి ఎత్తి చూశాడు. వంగి చదివాడు.

'బావా, ఇక్కడ 39 అని ఉందేంటి? వదిలేసినా...'

'అది ఇంకా పచ్చిగా ఉందిరా' అన్నాను, 'కదపకు.'

ఇట్లు,
నీ విధేయుడు,
వరుసకు బావ