ప్రకటనలో ధర ఒకటే, కౌంటర్ దగ్గర వేరు: దూరంగా ఉన్నవాళ్లకే నష్టం

ఒడిశా వైపున్న పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ల్యాప్‌టాప్ కోసం ఫోన్‌లో వెతికితే, ఒక మోడల్‌కి ఎక్కడ చూసినా ఒకటే ధర కనిపిస్తుంది. బరంపురం షాపు పెట్టిన పోస్టులో ఎంతో, విశాఖ ద్వారకానగర్ షాపు పోస్టులోనూ అంతే. తగ్గుతుందా అని ఫోన్ చేస్తే "ఫోన్‌లో చెప్పలేమండీ, షాపుకి రండి" అంటారు. ఇంక ధర కదలదని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి కదలనిది ప్రకటన ధర ఒక్కటే.

డబ్బా మీద ఉండే ఎమ్మార్పీ చట్టం పెట్టిన పైహద్దు. పన్నులన్నీ కలిపి అంతకు మించి తీసుకోకూడదు. డీలర్ల మధ్య మాత్రమే నలిగే ఇంకో అంకె ఉంది, ఎంఓపీ (మార్కెట్ ఆపరేటింగ్ ప్రైస్). ఇంతకంటే తక్కువకి పోస్టర్ వేయొద్దు, ఆన్‌లైన్‌లో పెట్టొద్దు అని కంపెనీ గీసే కిందిగీత అది. చాలా బ్రాండ్ల విషయంలో ఇంతకంటే తక్కువకి అమ్మొద్దనే దాకా వెళుతుంది. డీలరుకి పడే అసలు ధర, అంటే ల్యాండింగ్, ఈ రెండింటికీ కింద ఉంటుంది. అదీ బిల్లులో పూర్తిగా కనపడదు. నెలకో మూడు నెలలకో టార్గెట్ కొడితే వచ్చే రాయితీ, అంటే బ్యాకెండ్ స్కీము, క్రెడిట్ నోట్ (కంపెనీ బాకీలో తగ్గించుకునే చీటీ) రూపంలో తర్వాత వస్తుంది. గీత దాటిన డీలరుకి ఆ క్రెడిట్ నోట్ ఆగుతుంది, లేదా కొత్త సరుకు బిల్లింగ్ ఆగుతుంది. షాపువాళ్లు ఫోన్‌లో ధర చెప్పడానికి జంకేది అందుకే. అవతల మాట్లాడేది కొనేవాడో, కంపెనీ పంపిన మనిషో వాళ్లకి తెలియదు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కార్ల వ్యాపారంలో ఇదే పద్ధతి మీద, వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో మారుతీ సుజుకీకి రూ.200 కోట్ల జరిమానా వేసింది. డీలర్లు అనుమతించినదానికంటే ఎక్కువ డిస్కౌంట్ ఇస్తున్నారేమో పట్టుకోవడానికి కొనుగోలుదారుల వేషంలో మనుషుల్ని పంపిన సంగతి ఆ ఉత్తర్వులో ఉంది. కంపెనీ దానిమీద అప్పీలుకు వెళ్లింది. అంతకుముందు 2017లో హ్యుందాయ్ మీద వేసిన రూ.87 కోట్ల జరిమానాను మరుసటి ఏడు అప్పిలేట్ ట్రిబ్యునల్ కొట్టేసింది కూడా. కాబట్టి ఈ విషయంలో చట్టం పూర్తిగా తేలిపోయిందని చెప్పలేం. అయితే 2002 కాంపిటీషన్ చట్టం, సెక్షన్ 3(4)(ఇ) చెప్పేది స్పష్టమే. తిరిగి అమ్మే ధరను కంపెనీ నిర్ణయిస్తూ, అంతకంటే తక్కువకి అమ్ముకోవచ్చని తేటగా చెప్పకపోతే, అది పోటీని దెబ్బతీస్తోందా అని కమిషన్ విచారించవచ్చు.

అమ్మే ధర మీద కాదు, ప్రకటన మీదే ఆంక్ష అని కంపెనీలు అంటాయి. ఆ తేడా కాగితం మీద పెద్దది, కొనేవాడికి చాలా చిన్నది. 2000లో అమెరికా ట్రేడ్ కమిషన్ అయిదు పెద్ద మ్యూజిక్ కంపెనీల ప్రకటన ధర ఆంక్షల్ని పరిశీలించింది. మూడేళ్లకు పైగా సీడీలు కొన్నవాళ్లు 48 కోట్ల డాలర్ల దాకా అదనంగా కట్టి ఉంటారని అంచనా వేసింది. ఆంక్ష ప్రకటన మీదే ఉన్నా భారం జేబు మీదే పడింది. తగ్గించినట్టు పదిమందికీ చెప్పుకోలేనప్పుడు తగ్గించడం వల్ల షాపుకి కొత్త బేరం రాదు. రానప్పుడు తగ్గించడం ఎందుకు?

మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దు ఊళ్ల కష్టం ఇక్కడే మొదలవుతుంది. విశాఖలో ఉన్నవాడు ఒక సాయంత్రం ఆరు షాపులు తిరిగి, ఒకరు చెప్పిన ధర ఇంకొకరి దగ్గర చెప్పి, బేరమాడి తెచ్చుకుంటాడు. రాయగడ నుంచి వెళ్లేవాడికి అది రైలు ఛార్జీ, ఒక రోజు కూలీ లేదా కాలేజీ. ప్రకటన ధర నిజంగా అమ్మే ధరే అయితే ఇద్దరూ ఫోన్‌లోనే సమానంగా పోల్చుకునేవారు. ధరను కౌంటర్ వెనక దాచడమంటే దూరం మీద పన్ను వేయడమే. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక సరిహద్దుకి ఇటూ అటూ కంప్యూటర్ల మీద పన్ను రేటు ఒకటే. ఇప్పుడు ఆంధ్ర వైపున్న పాతపట్నంలోనో పార్వతీపురంలోనో ధర తేడా వచ్చిందంటే అది చాలామటుకు ఏ డీలరుకి ఏ స్కీము ఉందన్నదాన్ని బట్టే.

ఈ కిందిగీత చిన్న షాపుల్ని కాపాడుతుందని ఒక వాదన ఉంది. వస్తువు చూపించి, వివరించి, సర్వీసు చేసే షాపు ఉంటేనే మంచిదన్నది నిజం. కానీ మన ఊళ్ల చిన్న షాపుల్లో చాలావాటికి కంపెనీతో నేరుగా సంబంధం లేదు. పెద్ద ఊరి డీలరు దగ్గర కొద్ది మార్జిన్‌కి తెచ్చి అమ్ముతాయి. బ్యాకెండ్ స్కీము అక్కడే ఆగిపోతుంది. గీత కాపాడేది పైవాడి లాభాన్ని. విండోస్ ఎక్కించి, ఆరు నెలల తర్వాత పాడైన ఎస్ఎస్‌డీని (ఫైళ్లు దాచే భాగం) వారంటీకి పంపేది మాత్రం ఈ చిన్న షాపే.

తగ్గింపు నేరుగా ఇవ్వలేనప్పుడు పక్క దారుల్లో వస్తుంది. బ్యాగు, మౌస్, యాంటీవైరస్ కలిపి "కాంబో" అంటారు. వాటి బదులు 8 జీబీ ర్యామ్ వేయమనో, వారంటీ మరో ఏడాది పెంచమనో అడగండి, అది ఉపయోగం. వడ్డీ లేని ఈఎంఐ అన్నదాన్నీ లెక్కేసి చూడండి. రూ.54,000 వస్తువుకి 9 నెలలు, 16 శాతం చొప్పున అనుకుంటే సుమారు రూ.3,400 వడ్డీని ముందే డిస్కౌంట్‌గా తీసేస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే రూ.600 పైచిలుకు, మీ కార్డు మీదే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే.

అన్నిటికంటే ఎక్కువమంది మోసపోయేది మోడల్ నంబరు దగ్గర. సిరీస్ పేరు ఒకటే, చివరి నాలుగైదు అక్షరాలు వేరు. ఆన్‌లైన్‌కి ఒకటి, షాపులకి ఒకటి చేస్తారు. అందుకే "ఆన్‌లైన్‌లో ఇంతే ఉంది" అంటే "అది వేరే మోడల్" అనే జవాబు వస్తుంది, అది నిజమే కూడా. తేడా లోపల ఉంటుంది. ఒకదానిలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత), 250 నిట్స్ (వెలుగు కొలత) తెర, ఇంకోదానిలో అంతకంటే మెరుగైన 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే), 300 నిట్స్. ఒకదానిలో ర్యామ్ బోర్డుకే అతికించి, ఖాళీ స్లాట్ ఉండదు. కాబట్టి సిరీస్ పేరుతో ధర అడగొద్దు. డబ్బా మీద స్టిక్కర్‌లో ఉన్న పూర్తి పార్ట్ నంబరు, తెర, ర్యామ్ స్లాట్లు రాసి వాట్సాప్‌లో పంపి, "బిల్లుతో, జీఎస్టీ కలిపి చివరి ధర ఎంత, ఎప్పటిదాకా ఉంటుంది?" అని అడగండి. అది ఒకరికి ఇచ్చే కొటేషన్ అవుతుంది తప్ప ప్రకటన కాదు. బహిరంగంగా చెప్పనివాళ్లు కూడా ఇలా అడిగితే చాలాసార్లు చెబుతారు. నెలాఖర్లో, మూడు నెలల టార్గెట్ ముగిసే రోజుల్లో అడిగితే ఇంకా మంచిది.

మరీ తక్కువ ధర వినిపిస్తే అక్కడ ఆగండి. ప్రాసెసర్ అయితే బాక్సా, ట్రేనా అడగండి. ట్రే అంటే డబ్బా లేకుండా విడిగా వచ్చేది, ఆ సరుకుకి ఎమ్మార్పీ ఉండదు, వారంటీ అమ్మినవాడి మాట మీదే. బాక్స్ అయినా సరే, ఇంటెల్ 2016లో తెచ్చిన పద్ధతి ప్రకారం, బయటి దేశం నుంచి తెచ్చినదానికి కొన్నేళ్ల పాటు ఇక్కడ వారంటీ ఇవ్వలేదు. దీనిమీదే కాంపిటీషన్ కమిషన్ 2019లో దర్యాప్తుకి ఆదేశించింది. ల్యాప్‌టాప్ అయితే డబ్బులు కట్టకముందే సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటినుంచి మొదలైందో చూడండి. ఇంటికి వచ్చి చేసే సర్వీసు మీ పిన్‌కోడ్‌కి ఉందో లేదో కూడా అడగండి. లేకపోతే మదర్‌బోర్డు పోయినప్పుడు బరంపురమో విశాఖో మోసుకెళ్లాలి. తక్కువ ధరకి కొని మిగుల్చుకున్న వెయ్యో రెండు వేలో ఆ తిరుగుడుకే అయిపోతాయి.

కోచింగ్ సెంటరో ఇంటర్నెట్ సెంటరో నడుపుతూ ఒడిశా జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లు ఆంధ్రలో కొంటే, ఆ నంబరుతో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే పన్ను) బిల్లు ఇస్తారా అని ముందే మాట్లాడుకోవాలి. ఆంధ్ర సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (ఒకే రాష్ట్రంలో అమ్మకానికి వేసేవి) వేసి ఇస్తే ఒడిశాలో క్రెడిట్ దక్కదు, అంటే ఆ పన్నుని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేరు. జీఎస్టీ కలిపి రూ.60,000 పడే మిషన్ మీద అది సుమారు రూ.9,150.

పక్కా బిల్లు, దానిమీద సీరియల్ నంబరు, వాట్సాప్‌లో ఇచ్చిన ధర దాచుకోండి. షాపు విశాఖలో ఉన్నా, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే గజపతి, రాయగడ, గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువు ధర రూ.5 లక్షల దాకా ఉంటే ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు.