ఆరో ఏడాది డీజిల్ ఎవరు పోస్తారు?

బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ ఒక పోస్టు తిరుగుతుంది, మీరూ చూసే ఉంటారు. ఇక్కడ మనకే దిక్కులేదు, భూటాన్‌కి వేల కోట్లా అని. 2025-26 బడ్జెట్‌లో విదేశీ సాయం కింద పెట్టింది 5,483 కోట్లు, అందులో భూటాన్‌దే 2,150 కోట్లు. మొత్తం బడ్జెట్టేమో 50 లక్షల కోట్ల పైమాటే. వంద రూపాయల్లో పదకొండు పైసలన్నమాట. దీనికోసం గొంతు చించుకోవడం దండగ. ఇచ్చింది అక్కడ పనిచేస్తోందా లేదా, మన డబ్బు అయిపోయాక ఆరో ఏడాది బండికి డీజిల్ ఎవరు పోస్తారు అన్నది అడగండి, అదొక్కటి మాత్రం ఎవరూ అడగరు.

శ్రీలంకలో 1990కి ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా అంబులెన్స్ వస్తుంది, పేరు సువ సెరియ. అది మన 108కి స్వయానా చెల్లెలు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన సర్వీసు, వైఎస్ సభల్లో కుయ్ కుయ్ అని అనుకరించి మరీ చెప్పుకున్న సర్వీసు, 2016లో మన గ్రాంటుతో 88 బండ్లతో అక్కడ పశ్చిమ, దక్షిణ ప్రావిన్సుల్లో దిగింది. మొదట్లో అక్కడి డాక్టర్ల సంఘం ఒప్పుకోలేదు, ఇండియా అంబులెన్సులు తమకెందుకని అనుమానం. తప్పేం లేదు, పక్కింటి పెద్దన్న ఊరికే ఏదైనా ఇస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. కానీ బండిలో కూర్చునే సిబ్బంది అక్కడివాళ్లే, వాళ్లలో మొదటి బ్యాచులకి హైదరాబాద్‌లో ట్రైనింగ్ ఇచ్చారు. గుండెనొప్పితో ఉన్న ముసలాయనకి ఆక్సిజన్ పెట్టేది వాళ్ల మనిషే, మాట్లాడేదీ వాళ్ల భాషే. తర్వాత మరో 209 బండ్లకి గ్రాంటు వెళ్లింది, ఉత్తరాదిన జాఫ్నా దాకా పాకింది.

ఇవన్నీ ఒక ఎత్తు, 2018లో వాళ్ల పార్లమెంటు ఏకంగా చట్టం చేసి ఫౌండేషన్ పెట్టి, జీతాలు, నడిపే ఖర్చు తన నెత్తినే వేసుకోవడం ఒక ఎత్తు. అందుకే 2022లో దేశమే దివాలా తీసి, పెట్రోలు బంకుల దగ్గర జనం రోజుల తరబడి పడిగాపులు పడ్డప్పుడు కూడా ఆ సర్వీసు పూర్తిగా మూతపడలేదు. మందులు నిండుకుంటే అప్పుడు మనం టన్నుల కొద్దీ పంపాం, సాయం అంటే అదీ.

ఇక మయన్మార్‌లో కలదాన్ ప్రాజెక్టు సంగతి చూడండి. మిజోరంకి సముద్రం దారి కావాలని 2008లో మయన్మార్‌తో ఒప్పందం చేసుకున్నాం. సిత్వేలో పోర్టు, అక్కడినుంచి కలదాన్ నది మీద పలెత్వా దాకా పడవలు, ఆపైన మన సరిహద్దు వరకు నూటికి పైగా కిలోమీటర్ల రోడ్డు. పోర్టుకి మొదటి ఓడ చేరేసరికి 2023 మే వచ్చింది, రోడ్డు ఇంకా సాగుతూనే ఉంది, ఈలోగా 2024 జనవరిలో పలెత్వాని అక్కడి సైన్యంతో పోరాడే తిరుగుబాటు దళం అరకాన్ ఆర్మీ పట్టుకుంది. యుద్ధాన్ని మనం ఆపలేం, ఒప్పుకుంటాను. కానీ అసలు ఆ దారి ఎవరి అవసరం కోసం? మనది. మన అవసరానికి వేసుకునే రోడ్డుని వాళ్లకు చేసే మేలుగా రాసుకుంటే, అక్కడి ఊళ్లవాళ్లు దాన్ని తమదని ఎందుకనుకుంటారు, ఎందుకు కాపాడతారు?

మన అవసరం కలవడమే తప్పని కాదు. బీహార్‌లోని మోతీహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కి వేసిన 69 కిలోమీటర్ల పెట్రోలు పైపులైను గడువుకన్నా ముందే, 2019లో పూర్తయింది. మన ఆయిల్ కంపెనీకి అమ్మకం, వాళ్లకి ట్యాంకర్ల ఖర్చు తగ్గింది, దాచిపెట్టేదేం లేదు కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు.

అదే నేపాల్‌లో స్కూళ్లు, హెల్త్‌పోస్టులు (చిన్న ఆరోగ్య కేంద్రాలు) కట్టే చిన్న పనులకి మనమిచ్చే గ్రాంటు పరిమితిని 2024లో 5 కోట్ల నేపాలీ రూపాయల నుంచి 20 కోట్లకి పెంచారు. టెండరు పిలిచి కట్టించేది అక్కడి స్థానిక సంస్థలే కాబట్టి సంతోషమే, కాకపోతే 20 కోట్లంటే పెద్ద కాంట్రాక్టర్ల కన్ను పడే మొత్తం. స్కూలు బిల్డింగుకి రిబ్బను కత్తిరించే ఫోటో ఎంబసీ ఎలాగూ పెడుతుంది. మూడేళ్ల తర్వాత అదే స్కూల్లో టీచర్లున్నారా, బాత్రూముల్లో నీళ్లొస్తున్నాయా అని చూసి, ఆ ఫోటో కూడా పెట్టమనండి.