నవగుంజర మహాశయులకి ఆరు పేర్ల మనిషి రాసుకున్న అర్జీ

అయ్యా నవగుంజర మహాశయా,

తొమ్మిది ప్రాణుల ముక్కలు కలిసిన కృష్ణుడి రూపం తమరు. నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగుంబావు దాకా మన ఒడిశా బరంపురంలో ఒకానొక ఆఫీసులో నేను నిలబడ్డ కౌంటర్ వెనకాల తమరు పటచిత్రంలో (గుడ్డ మీద వేసే ఒడియా బొమ్మలో) వేలాడుతున్నారు, ఫ్రేము ఎడం పక్కకి వాలిపోయింది, చూసుకున్నారో లేదో. ఫ్యాన్ లేదు, సిగ్నల్ లేదు, అందుకని అంతసేపూ తమర్నే చూశాను. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుం, తోకేమో పాము. కాళ్ళలో ఒకటి ఏనుగుది, ఒకటి పులిది, ఒకటి జింకది (గుర్రం అనేవాళ్ళూ ఉన్నారు, బొమ్మ వేసినాయన ఇష్టం). నాలుగోది కాలే కాదు, మనిషి చెయ్యి, పైకెత్తి తామరపువ్వు పట్టుకునుంది. తొమ్మిదీ కలిపి ఒక్కరే. ఇందులో అసలు నువ్వెవరివి అని తమర్ని ఎవడూ అడగలేదు.

నన్నడిగారు.

మన తెలుగోళ్ళకి ఇంటిపేరు ముందుంటాది, ఇక్కడ ఒడియావాళ్ళకి వెనకుంటాది, ఆ గొడవ తెలిసిందే కదా. స్కూల్ సర్టిఫికేట్‌లో మాస్టారు ఇంటిపేరుని చివరికి తోసేశారు, రేషన్ కార్డులో అదే లేదు, ఆధార్‌లో 'రావు'కి ఒక స్పెల్లింగ్, పాన్‌లో ఇంకోటి, ఓటరు కార్డులో మా నాన్న పేరూ నా పేరూ కలిసిపోయాయి, బ్యాంకు బుక్కులో పొడి అక్షరాలే. ఆరు కాయితాలకి ఆరుగురం. పిల్ల కాలేజీకి రెసిడెన్స్ సర్టిఫికేట్ కావాలి, అంతే. "వీళ్ళలో మీరెవరు ఆజ్ఞా?" అన్నాడు కౌంటర్‌లో గుమస్తా బాబు, భలే మర్యాదగా (ఆజ్ఞా అంటే ఒడియాలో 'అండీ' అని). ఎప్పట్నుంచి ఉంటున్నారు అని ఇంకో ప్రశ్న. ఏటని చెప్పను, మా తాత 1936 మార్చి 31 రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని ఏప్రిల్ 1న ఒరిస్సాలో లేచాడు, మంచం కూడా జరపలేదు.

సరే వేలు పెట్టండి అన్నారు. పెట్టాను. ఎర్ర లైటు. చొక్కాకి తుడిచి పెట్టాను, తడిగుడ్డతో తుడిచి పెట్టాను, ఇంకో వేలు, ఇంకో చెయ్యి, అయ్యా పదీ అయిపోయాయి. ముప్పై ఏళ్ళు మగ్గం మీద పట్టుదారం లాగిన వేళ్ళు, గీతలెక్కడ మిగుల్తాయి?

అక్కడే నాకు మండింది. సారళాదాసు 15వ శతాబ్దంలో ఒడియా భారతంలో రాసింది ఏటి? కొండ మీద తపస్సులో ఉన్న అర్జునుడి ముందుకి నువ్వు ఈ వేషంలో వచ్చావు. ఆయన హడిలిపోయి బాణం ఎక్కుపెట్టాడు. తామరపువ్వు పట్టిన చెయ్యి కనబడగానే ఇది లోకంలో ఉండే జంతువు కాదు, కృష్ణుడే అని ఆయుధం పడేసి దణ్ణం పెట్టాడు. ఒక్క చెయ్యి! వేలిముద్ర కూడా కాదు! నాకు తెలియని రూపంలోనూ ఆయన ఉండొచ్చు అని ఒప్పుకోడానికి అర్జునుడికి ఒక్క క్షణం చాలింది, వీళ్ళకి నా రెండు చేతులూ, పది వేళ్ళూ, ఆరు కాయితాలూ చాల్లేదు, అదీ నీ బొమ్మ కిందే కూర్చుని! నువ్వు పూరీ జగన్నాథుడి గుడి మీదున్న నీలచక్రం చుట్టూ ఎనిమిది మందివై కూర్చున్నా ఒక్కడివే, గంజపా అనే ఒడియా పేకలో రాజువైనా నువ్వే, నేను మాత్రం ఒక 'డబ్ల్యూ' తేడాకి వేరే మనిషినైపోతానా?

కథల్లో, శిల్పాల్లో ఉండే మీ జంతువులవాళ్ళకీ రెండు మాటలు చెప్పాలి. పాలూ నీళ్ళూ వేరుచేసే హంస గారు ఆ ఆఫీసు ముందు టీ బడ్డీకి రానక్కర్లేదు, అక్కడ వేరుచెయ్యడానికి పాలుండవు. కోణార్కలో ఏనుగు మీద సింహం, ఏనుగు కింద మనిషి ఉంటారు కదా, సింహం గర్వం, ఏనుగు డబ్బు అని గైడ్లు చెప్తారు, కింద ఉన్నోడు ఏ కౌంటర్ నుంచి వచ్చాడో చెప్పరు.

ఇంత తిట్టినా నువ్వంటే నాకు ఇష్టమే. వ్యాసుడిలో లేవు, కవిత్రయంలో లేవు, శ్రీకాకుళంలో మా బావకి నీ పేరు చెప్తే గంజాయేమో అనుకుని చుట్టూ చూశాడు. ఇక్కడ పుట్టి పెరిగినందుకే నువ్వు నాకు తెలిశావు.

సోమవారం మళ్ళీ రమ్మన్నారు. ఈ ఆరుగురూ ఒక్కడే అని అఫిడవిట్ నోటరీ చేయించుకుని తెమ్మన్నారు. అందుకే ఈ ఉత్తరం. నీ తొమ్మిదికీ నోటరీ ఎవరు చేశారో, ఎంత తీసుకున్నారో కొంచెం చెప్పు.

ఇట్లు,
తమ భక్తుడు
(పేరు సోమవారం తర్వాత రాస్తాను)