‘ఏషియన్’ గడి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఏషియన్’ గడి గారి దివ్యసముఖానికి,

కాలిఫోర్నియా శాక్రమెంటో నుంచి, జాతి ఏదని అడిగే ప్రతి ఫారంలోనూ తమకే టిక్కు పెట్టి తమలో కాపురముంటున్న ఒక తెలుగు ఇల్లాలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు కుశలమేనన్న సంగతి మొన్న మంగళవారం మా కమ్యూనిటీ కాలేజీ క్లాసులో తెర మీద కళ్ళారా చూశాను.

కాలేజీవారి ఈక్విటీ, అంటే సమానావకాశాల, లెక్కల బార్ గ్రాఫ్ అది. ఏ జాతి విద్యార్థులు నెగ్గుకొస్తున్నారు, ఎవరు మధ్యలో మానేస్తున్నారు అని. మిగతా పట్టీలన్నీ నడుం దాకా వచ్చి ఆగిపోతే, తమరొక్కరే ఆకుపచ్చగా నిలువెత్తున లేచి పైనున్న హెడ్డింగ్‌కి తల ఆనించి నిలబడ్డారు. ఆఫీసు నుంచి వచ్చినావిడ లేజర్ చుక్క తమ నెత్తిన పెట్టి, “వీళ్ళకేం ఫర్వాలేదు” అనేసి పక్క పట్టీకి వెళ్ళిపోయింది. తమ గురించి చెప్పింది అంతే.

నా పక్క కుర్చీలో కూర్చునేది ఒక హ్మాంగ్ పిల్ల. లావోస్ కొండజాతివాళ్ళది. రాత్రంతా గోడౌన్‌లో పెట్టెలు సర్ది, ఇంటికెళ్ళి మొహం కడుక్కుని క్లాసుకి వస్తుంది. వాడేది లైబ్రరీ అరువిచ్చిన ల్యాప్‌టాప్. దాని మూత మీద బార్‌కోడ్ స్టిక్కర్ సగం ఊడిపోయి ఉంటుంది, మాస్టారు చెప్పేది వింటూ ఆ ఊడిన కొసని వేలితో మళ్ళీ అంటిస్తుంటుంది. పోయిన సెమిస్టర్లో షిఫ్ట్ మార్చారని రెండు క్లాసులు వదిలేసుకుంది. ఆ పిల్ల తెర వంక చూసి, “ఓహో, నాకేం ఫర్వాలేదన్నమాట” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందే చెప్పేస్తాను, నా ఫిర్యాదు కోర్సు మీద కాదు. ఎత్నిక్ స్టడీస్, అంటే అమెరికాలోని మైనారిటీ జాతుల చరిత్ర, చదవనిదే డిగ్రీ లేదని 2020లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి చట్టం చేశారు, వెనకాలే కమ్యూనిటీ కాలేజీలకీ ఆ నియమం వచ్చింది. ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, ఈ కోర్సు మూడు యూనిట్లకి 138. ప్రీస్కూల్లో చంటిపిల్లలకి పాటలు చెప్పే ఉద్యోగానికి ఈ చదువెందుకని మా ఆయన సణిగాడు. చెప్పాను, నీ కంపెనీలో డైవర్సిటీ ట్రైనింగ్ వీడియో మ్యూట్‌లో పెట్టుకుని పప్పు తాలింపు వేశావే, అందుకు అని. కోర్సులో చిన్నాచితకా బాధలు లేకపోలేదు. పార్ట్‌టైమ్ మాస్టారు మంగళ, గురువారాలు ఇక్కడ, సోమ, బుధవారాలు ఫ్రీవే మీద గంటన్నర అవతల ఇంకో కాలేజీలో. ఆయన ఆఫీస్ రూమ్ అంటే ఆయన కారు డిక్కీయే. అసైన్‌మెంట్లన్నీ రాత్రి 11:59కే ఎందుకు చావాలో వాటిని పంపే ఆ కాన్వాస్ వెబ్‌సైటుకే తెలియాలి. పార్కింగ్ ఊసు ఎత్తను, బీపీ ఉంది.

అసలు సంగతికి వస్తాను. క్లాసుని తమలాంటి గడుల వారీగా గుంపులు చేశారు. ‘ఏషియన్’ అంటే మేం నలుగురం: ఆ హ్మాంగ్ పిల్ల, స్టాక్‌టన్ నుంచి వచ్చే ఫిలిప్పీన్స్ వాళ్ళమ్మాయి, ఒక వియత్నాం కుర్రాడు, నేను. ‘మీ ఉమ్మడి అనుభవం’ అనే టాపిక్ మీద గ్రూప్ పేపర్ రాయాలి. తాంబూలాలిచ్చేశాం, ఇక తన్నుకు చావండి.

కూర్చున్నాం. ఫిలిప్పీన్స్ అమ్మాయి ముత్తాత స్టాక్‌టన్ ఆస్పరాగస్ చేలల్లో నడుం వంచి కోత కోసినవాడు. వియత్నాం కుర్రాడి తాత సైగాన్ కమ్యూనిస్టుల చేతిలో పడ్డాక పడవెక్కినవాడు. హ్మాంగ్ పిల్ల తాత లావోస్ కొండల్లో సీఐఏ తరఫున రహస్య యుద్ధం చేశాడు. 1975లో అమెరికా చేతులు దులుపుకుని వెళ్ళిపోతే, కుటుంబాన్ని తీసుకుని మెకాంగ్ దాటి థాయ్‌లాండ్ శిబిరంలో పడ్డాడు. నా వంతు వచ్చింది. మా ఆయన హెచ్‌1బి మీద బిజినెస్ క్లాస్‌లో వచ్చాడు, కంపెనీ టికెట్ కొంది. నేను వెనకాల ఆవకాయ జాడీతో వచ్చాను. గంటసేపు తల బద్దలు కొట్టుకుంటే ఉమ్మడిగా తేలినవి రెండు: చెప్పులు గుమ్మం బయట విప్పడం, రైస్ కుక్కర్. వియత్నాం కుర్రాడు మూడోది కలపబోయాడు, “అమ్మ మనల్ని డాక్టర్ చదవమంటుంది” అని. హ్మాంగ్ పిల్ల తలెత్తకుండానే, “మా అమ్మ నన్ను అద్దె కట్టమంటుంది” అంది. మూడోది కొట్టేశాం.

మిడ్‌టర్మ్‌కి చదువుతుంటే తెలిసింది, మా వాళ్ళకీ తమ గడుల వంశానికీ చుట్టరికం వందేళ్ళది. 1920, 1930, 1940 జనాభా లెక్కల్లో మా వాళ్ళ జాతి ‘హిందూ’. అప్పుడిక్కడ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది సిక్కులన్నది వేరే విషయం, ఎవరికి పట్టింది? 1970 లెక్కల్లో తెల్లవాళ్ళమైపోయాం, ఏ క్రీమూ రాయకుండానే. 1980కి ‘ఏషియన్ ఇండియన్’. అదే మనిషి, అదే రంగు, మూడు జాతులు. మా పురాణాల్లో పునర్జన్మకి మధ్యలో చావడమన్నా ఉంటుంది.

1923 సంగతి తమకి గుర్తుండే ఉంటుంది. భగత్ సింగ్ థింద్, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేరిన పంజాబీ, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. తెల్లవాడో నల్లవాడో అయితే తప్ప వలస వచ్చినవాడికి పౌరసత్వం లేని రోజులు. అంతకు మూడు నెలల ముందు అదే కోర్టు తకావో ఒజావా అనే జపనీయుడితో, నీ చర్మం తెల్లగా ఉంటే ఉండొచ్చు గానీ నువ్వు కాకేసియన్‌వి కావు పొమ్మంది. ఇంకేం, అప్పటి జాతిశాస్త్రం లెక్కన నేను కాకేసియన్‌నే అని థింద్ వెళ్ళాడు. శాస్త్రం ఏమన్నా సరే, సామాన్యుడి కంటికి నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పటికే పౌరులైన మా వాళ్ళ కాగితాలు కూడా లాక్కున్నారు. అలా పోగొట్టుకున్న వైష్ణో దాస్ బగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. అదే 1923లో మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. మందులు కనిపెట్టడానికి పనికొచ్చారు. పౌరసత్వం అడగాలంటే మాత్రం 1946లో చట్టం మారేదాకా దారే లేదు. 1948లో ఆయన పోయారు.

ఇంతా చేసి తమరిని మా నెత్తిన ఎవరో రుద్దారనుకున్నాను. కాదట! 1970ల్లో మమ్మల్ని తెల్లవాళ్ళలో కలపొద్దు, మైనారిటీగా లెక్కేయండి, మాకో గడి ఇప్పించండి అని వాషింగ్టన్ చుట్టూ తిరిగింది మా ఇండియన్ సంఘాలవాళ్ళే. అంతకు ముందు 1968లో బర్క్‌లీ యూనివర్సిటీ విద్యార్థులు ‘ఏషియన్ అమెరికన్’ అన్న పేరు తమకి తామే పెట్టుకున్నారు, విడివిడిగా ఉంటే ఎవరూ వినడం లేదని. ఆ ఏడాదే శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో, మా చరిత్రలు కూడా పాఠాల్లో పెట్టాలని విద్యార్థుల సమ్మె మొదలైంది, అయిదు నెలలు సాగింది. నేను చదివే ఈ కోర్సుకి పురిటిగది అదే. ఆ సమ్మెలో విద్యార్థుల వ్యానెక్కి లౌడ్ స్పీకర్ వైర్లు పీకేసిన కాలేజీ ప్రెసిడెంట్ ఎవరంటే ఎస్. ఐ. హయకావా, జపాన్ సంతతివాడే. వైర్లు పీకినవాడూ, మైకు పట్టుకున్న పిల్లల్లో కొందరూ ఇప్పుడు తమ ఒక్క గడిలోనే సర్దుకోవాలి. ఉమ్మడి అనుభవమంటే ఇదేనేమో, పేపర్లో రాస్తాం.

అంచేత తమరు పుట్టడం తప్పని నేననను. గుంపుగా నిలబడితే బలమని పుట్టారు. బాగుంది. కానీ గుంపుని లెక్కపెట్టమంటే తమరేం చేశారు? సగటు తీశారు.

2019 లెక్కల ప్రకారం అమెరికాలో ఇండియన్ కుటుంబాల మధ్యస్థ ఆదాయం సుమారు 1,19,000 డాలర్లు. బర్మా నుంచి వచ్చినవాళ్ళది 44,400. తమరు ఇద్దరినీ కలిపేసి, ‘ఏషియన్లు: 85,800, చల్లగా ఉన్నారు’ అని రాసేశారు. పంక్తిలో ఒకడికి రెండు విస్తళ్ళు పడి, పక్కవాడికి ఒట్టి నేలే మిగిలితే, మనిషికో విస్తరి అందిందని రాసుకుపోయే వంటల మేస్త్రిని మా ఊళ్ళో అయితే చెట్టుకి కట్టేస్తారు.

మేం డబ్బున్నవాళ్ళం కావడంలో మా ఘనత ఎంతో నాకు తెలుసు. 1965 వలస చట్టం తర్వాత ఈ దేశం మా వాళ్ళని జల్లెడ పట్టి తెచ్చుకుంది. డిగ్రీ ఉంటేనే రా అంది. ఆ పిల్ల తాతని ఏ డిగ్రీ అడిగారు? తుపాకీ పట్టగలవా అన్నారంతే. ఇద్దరినీ ఒకే గాటన కట్టి, నా మొగుడి జీతం తీసుకెళ్ళి ఆ పిల్ల ఖాతాలో చూపిస్తావా? నీకు సిగ్గు లేదూ? ట్యూటరింగ్‌కి డబ్బెవరికివ్వాలి, రాత్రి షిఫ్టులు చేసేవాళ్ళకి సాయంత్రం క్లాసులు పెట్టాలా వద్దా, ఇవన్నీ ఆ పట్టీలు చూసే తేలుస్తారు. నువ్వు ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నంతకాలం ఆ పిల్ల ఎవరికీ కనపడదు. నువ్వు దాన్ని లెక్కపెట్టలేదు, నా వెనకాల దాచిపెట్టావు. నన్ను అడక్కుండా నన్ను తెర కింద వాడుకున్నావు.

విడగొట్టి లెక్కపెట్టమని ఎవరూ అడగలేదనకు. కాలిఫోర్నియాలో బిల్లు పెట్టారు. 2016లో సంతకం పడేసరికి కాలేజీల సంగతి ఎగిరిపోయి, ఒక్క ప్రజారోగ్య శాఖ మిగిలింది. వద్దని ప్లకార్డులు పట్టుకున్నవాళ్ళలో నీ గడిలోవాళ్ళే కొందరున్నారు, మా పిల్లల కాలేజీ సీట్లకి ఎసరు పెడతారని. 2024 మార్చిలో అమెరికా కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చింది, ‘ఏషియన్’ అని ఊరుకోకుండా ఏ ఏషియనో అడగాలని. అమలుకి అయిదేళ్ళ గడువన్నారు అప్పుడు. ఆ పిల్ల చదువు ఈలోగా అయితే అయ్యేది, లేకపోతే లేదు. అన్నట్టు ఆ నియమాల ప్రకారమైతే మా క్లాసులో ఇరానీ అమ్మాయికి వేరే గడి రావాలి. ఇన్నాళ్ళూ కాలేజీ ఫారంలో ఆ అమ్మాయి తెల్లజాతి. ఎయిర్‌పోర్టులో ఏ జాతో ఆ అమ్మాయినే అడుగు.

నీలో ఒక్క మంచి గుణం ఉంది, దాచను. నీ పక్కనే ‘చెప్పదలుచుకోలేదు’ అని ఇంకో గడి ఉంటుంది. మాస్టారు కులం పాఠం చెప్పిన రోజు, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కుల వివక్షని నిషేధించడం, 2023లో అలాంటి రాష్ట్ర బిల్లుని గవర్నర్ వీటో చేయడం, ఇవన్నీ అయ్యాక క్లాసంతా నా వైపు తిరిగింది. థింద్ గారు కోర్టులో తెల్లవాణ్ణనిపించుకోవడానికి తన అగ్రకులాన్ని కూడా సాక్ష్యంగా పెట్టుకున్నాడని ఆ రోజే విన్నాను, నా చెవులు కాలాయి. మా పక్క ఊరు ఫోల్సమ్‌లో తెలుగువాళ్ళు తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో ఫారాలుండవు. గుత్తి వంకాయ వడ్డిస్తూ, “మీ ఇంటిపేరేంటమ్మా?” అంటారు. చెబితే, “భీమవరమా? భీమవరంలో ఎక్కడ?” అంటారు. వీధి చెబితే, “ఆ వీధిలో ఫలానావాళ్ళు మీకేమవుతారు?” అంటారు. ఈలోగా వంకాయ చల్లారిపోతుంది గానీ వాళ్ళు వదలరు. చెప్పదలుచుకోలేదన్న గడి అక్కడ ఎవరూ ఇవ్వరు. చెప్పకపోతే అదే జవాబని రాసుకుంటారు. ఆ పూట మాత్రం నువ్వే నయమనిపించావు. అడిగి, టిక్కు పెట్టించుకుని, నోరు మూసుకుంటావు.

అయినా నిన్ను వదిలిపెట్టను. మా నలుగురం పేపర్లో నువ్వు కలిపినవాళ్ళని విడగొట్టి రాస్తున్నాం, ఎవరి లెక్క వాళ్ళకి. ‘ఉమ్మడి అనుభవం’ లేదని మార్కులు కోస్తే కోసుకోమను. మేం నలుగురం ఒక బల్ల దగ్గర కూర్చోవడం నీ వల్లే, కాదనను. కావాలంటే మమ్మల్ని కలిపే ఉంచు, ఊరేగింపుకి పనికొస్తాం. డబ్బు పంచేటప్పుడు మాత్రం విడగొట్టు. నా ఇంటి జీతం రాసుకోవాలంటే నా పేరు మీదే రాసుకో. ఆ పిల్ల మీద రాయకు.

ఇట్లు,
నీలో ఇరుక్కున్న భీమవరం ఆడపడుచు

తా.క.: ఎత్నిసిటీ ఏమిటని అడిగి, ప్రపంచం మొత్తానికి ‘హిస్పానిక్’, ‘హిస్పానిక్ కాదు’ అని రెండే జవాబులిచ్చే మీ అన్నగారికి వేరే ఉత్తరం రాస్తున్నాను. ఈ వారం ఎక్కడికీ వెళ్ళకుండా ఇంటిపట్టునే ఉండమనండి.