మందుల సంచి మొత్తం చూసే డాక్టరేడీ?

బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్రతో కొందరికి కాళ్లు వాస్తాయి. ఆ వాపు కిడ్నీ జబ్బేమోనని భయపడి ఇంకో ఆస్పత్రికి పోతే నీరు పోయే మాత్ర రాస్తారు. దాంతో నీరసం, కళ్లు తిరగడం. అప్పుడు నరాల డాక్టరు, స్కానింగు. మొదటి డాక్టరు ఆ ఒక్క మాత్ర మారిస్తే తీరిపోయే బాధకు మూడు చీటీలు, మూడు ఫీజులు! చూసినవారంతా తమ వంతు సరిగానే చూసి ఉండొచ్చు. గోడ మేకుకు వేలాడే ప్లాస్టిక్ కవరులోని చీటీలన్నీ ఒకే బల్ల మీద పరిచి చూసినవారే లేరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానం మంచి అడుగే. పీహెచ్‌సీలోని ఇద్దరు డాక్టర్లలో ఒకరు 104 వాహనంలో ఊళ్లకు రావడం, మంచాన పడ్డవారిని ఇంటికెళ్లి చూడడం చిన్న సంగతులు కావు. కానీ ఆ డాక్టరును రోగి ఎంచుకోలేదు. బదిలీ అయినా, పీజీ సీటు వచ్చినా ఆయన వెళ్లిపోతారు. కొత్తగా వచ్చినవారికి కథంతా మొదటినుంచీ చెప్పుకోవాలి. ఆర్‌ఎంపీ గుమ్మం ముందు జనం ఇప్పటికీ ఎందుకు కూర్చుంటున్నారు? ఆయన ఊళ్లోనే ఉంటాడు, పేరు పెట్టి పలకరిస్తాడు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. అర్హత లేని వైద్యాన్ని మేం సమర్థించం. ఆ నమ్మకాన్ని మాత్రం కొట్టిపారేయలేం.

నార్వేలో 2001 నుంచి ఎవరి డాక్టరును వారే ఎంచుకుంటున్నారు. నచ్చకపోతే ఏడాదికి రెండుసార్లు మార్చుకోవచ్చు. స్పెషలిస్టు దగ్గరకు పంపేదీ ఆయనే. అక్కడ సుమారు 45 లక్షల మంది రికార్డులు పరిశీలించారు. ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవారిలో మరణాలు, ఏడాది పరిచయం మాత్రమే ఉన్నవారితో పోలిస్తే దాదాపు 25 శాతం తక్కువగా కనిపించాయి. ఆ తేడా అంతా డాక్టరు వల్లేనని చెప్పలేకపోయినా, పక్కన పెట్టదగ్గ అంకె కాదిది.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఆపరేషన్లకు డబ్బు కట్టి ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. ఆపరేషన్ దాకా పోనివ్వని డాక్టరుకూ ఆ అండ కావాలి. సర్కారీ అయినా ప్రైవేటు అయినా, తమకు నచ్చిన ఎంబీబీఎస్ డాక్టరు దగ్గర కుటుంబాలు పేరు రాయించుకునే వీలుండాలి. తలకింతని ఏటా ప్రభుత్వమే చెల్లించాలి. డిశ్చార్జి చీటీ నకలు ఆ డాక్టరుకు చేరాకే పెద్దాస్పత్రి బిల్లు విడుదల చేయాలి. బీపీ, షుగరు ఉన్నవారితో, ముందు జిల్లాకొక మండలంలో దీన్ని మొదలుపెట్టాలని రెండు తెలుగు ప్రభుత్వాలనూ కోరుతున్నాం.